గ్రీన్ బుక్‌కి ఉత్తమ చిత్రం ఆస్కార్ న్యాయమేనా? మా ఇంట్లో మూడు తరాల పంచాయితీ

పల్నాటిపిల్లోడు:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివిపోయేవాణ్ణే గానీ ఎప్పుడూ రాసింది లేదు. వారం రోజులుగా మా ఇంట్లో ఒక సినిమా మీద గొడవ తెగట్లేదు. తీర్పు మీరే చెప్పండి.

మేం నార్త్ కరొలైనాలో, రాలీ పక్కన ఉంటాం. మా నాన్న ఆర్నెల్లకని వచ్చారు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడ ఆయనకు పొద్దున ఒక నడక, మధ్యాహ్నం కిటికీ దగ్గర కుర్చీ. ఎవరెవరు ఇండికేటరు వెయ్యకుండా మలుపు తిరిగారో రాత్రి నేను ఇంటికొచ్చాక వరసగా చెబుతారు.

పోయిన శనివారం రాత్రి 'గ్రీన్ బుక్' పెట్టాను. 2018 సినిమా. 2019 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. డ్రైవరు కథ కదా, నాన్నకి బాగుంటుందనుకున్నా. చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతా. 1962లో డాన్ షర్లీ అనే నల్లజాతి పియానో విద్వాంసుడు న్యూయార్కు నుంచి దక్షిణాది రాష్ట్రాలకు కచేరీలకు బయల్దేరతాడు. అక్కడ నల్లవాళ్లకి మంచి హోటల్లో గది ఇవ్వరు, భోజనం పెట్టరు, కొన్ని ఊళ్లలో పొద్దుగూకితే రోడ్డు మీద కనపడనివ్వరు. అందుకని టోనీ అనే ఇటాలియన్ ఇంటి మనిషిని డ్రైవరుగా పెట్టుకుంటాడు. నైట్‌క్లబ్బులో తాగి అల్లరి చేసేవాళ్లని బయటికి గెంటే ఉద్యోగం ఈ టోనీది. మొదట్లో అతనికి నల్లవాళ్లంటే పడదు. దారి సాగినకొద్దీ ఇద్దరూ దగ్గరవుతారు. ఇద్దరూ నిజంగా బతికిన మనుషులే.

నాన్నకి ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని నేను చెబుతూ ఉన్నా. మొదటి అరగంట ఆయన సినిమా చూళ్ళేదు, డ్రైవింగు చూశారు. "వెనక్కి తిరిగి మాట్లాడతాడేందిరా, రోడ్డు చూసుకోకుండా!" టోనీ కోడి ముక్క తింటూ బండి నడిపే సీను రాగానే "ముందు వీణ్ణి సస్పెండ్ చెయ్యాల" అన్నారు. ఆ తర్వాత మాత్రం పూర్తిగా లీనమైపోయారు. మా రాలీ కూడా వస్తుంది సినిమాలో. పెద్ద బంగళాలో కచేరీ, షర్లీని ముందు గదిలో కూర్చోబెట్టి పొగుడుతారు. మరుగుదొడ్డికి పోవాలంటే మాత్రం పెరట్లో ఉన్న చెక్క గూడు చూపిస్తారు. అక్కడ నాన్న "వాయించే చేతులు కావాల, మనిషి అక్కర్లేదన్నమాట" అన్నారు. చివర క్రిస్మస్ ముందురోజు రాత్రి, నిద్రకి తూలిపోతున్న టోనీని వెనక పడుకోబెట్టి షర్లీయే మంచులో బండి నడుపుకుంటూ ఇల్లు చేరుస్తాడు. అక్కడ ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నా.

అప్పుడు మా అమ్మాయి వచ్చింది. పదకొండో తరగతి. సోఫా వెనకాల నిలబడి చివరి ముప్పావుగంట చూసిందట. "ఇది షర్లీ కథ కాదు డాడీ. టోనీ మంచోడు అవ్వడానికి షర్లీని వాడుకున్న కథ" అంది. షర్లీ తమ్ముడే ఈ సినిమా అబద్ధమని చెప్పాడంది. వైట్ సేవియర్ అని ఒక మాట చెప్పింది, అంటే తెల్లాయన వచ్చి నల్లాయన్ని గట్టెక్కించే కథలన్నమాట. టోనీ ఒకచోట షర్లీతో నీకన్నా నేనే ఎక్కువ నల్లవాణ్ణి అన్నట్టు మాట్లాడతాడు, ఆ మాటకి దీనికి ఒళ్లు మండిపోయింది. "నవ్వుకోడానికి తీసిన సినిమా అమ్మా, అంత లోతుకు తవ్వడం ఎందుకు" అన్నా. "నవ్వుకోడానికి తీస్తే అంత పెద్ద ప్రైజు ఎందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నాన్న మాత్రం ఒక్కటే అడిగారు. "ఆకుపచ్చ పుస్తకం అని పేరు పెట్టారు గదా, ఆ పుస్తకం ఏదిరా? రెండుమూడు సార్లు అట్టా చూపించి మానేశారే."

దానికీ నా దగ్గర జవాబు లేదు. బహుమతికి తగిన సినిమానా, కాదా? తిట్టుకోకుండా చెప్పండి.

రెండోఆట:

తగినదే అన్నా, నా ఓటు మీ నాన్నగారికి.

ముందు ఆ బహుమతి ఎలా వస్తుందో చెబుతా, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఉత్తమ చిత్రానికి ఓటర్లు ఒక పేరు రాసి ఊరుకోరు, ఉన్న సినిమాలన్నిటికీ వరస నంబర్లు వేస్తారు. ఆ ఏడాది ఎనిమిది సినిమాలున్నాయి. మొదటి నంబరు ఓట్లలో దేనికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నదాన్ని తీసేసి, దాని ఓట్లు ఆ ఓటరు రెండో నంబరు వేసిన సినిమాకి కలుపుతారు. అలా సగం దాటేదాకా. ఈ లెక్కలో సగం మంది నెత్తిన పెట్టుకుని సగం మంది విసుక్కునే సినిమా ఓడిపోతుంది, అందరూ "పర్లేదు, బాగుంది" అనుకునేది గెలుస్తుంది. పోటీలో ఉన్న 'రోమా' సినిమాకి దర్శకుడి బహుమతి వచ్చింది, ఛాయాగ్రహణానికి వచ్చింది, విదేశీ చిత్రం బహుమతీ వచ్చింది. పెద్దది రాలేదు. గొప్ప సినిమా అని నేనూ ఒప్పుకుంటా, కానీ నిజం చెప్పాలంటే నేను దాన్ని మూడు విడతల్లో చూశా.

గ్రీన్ బుక్ అంతకుముందే టొరంటో చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి కొట్టింది. దర్శకుడు పీటర్ ఫారెలీ అప్పటిదాకా తీసినవన్నీ దాదాపు కితకితల కామెడీలు. అలాంటివాడు ఇద్దరు మనుషుల్ని కార్లో కూర్చోబెట్టి రెండు గంటలు కట్టిపడేశాడంటే చిన్న విషయమా? షర్లీగా వేసిన మహెర్షలా అలీ వెనక సీట్లో కూర్చునే తీరు ఒక్కటి చూడండి. కాలి మీద దుప్పటి, నిటారు వెన్ను, కిటికీలోంచి పొలంలో పని చేసే నల్లవాళ్లని చూసే ఆ చూపు. అక్కడ ఒక్క డైలాగు లేదు. టోనీగా వేసిన వీగో మోర్టెన్‌సెన్ ఒళ్లు పెంచి, పిజ్జాని మొత్తంగా మడిచి తినడం సరే, అది అందరూ చెబుతారు.

పాపకి చెప్పండి, సినిమా చరిత్ర పుస్తకం కాదని.

మూడోగేరు:

ఒక చిన్న ముచ్చట. 1990లో ఉత్తమ చిత్రం 'డ్రైవింగ్ మిస్ డైసీ'. నల్లజాతి డ్రైవరు, తెల్ల ముసలమ్మ. ఆ ఏడాదే నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ తీసిన 'డూ ద రైట్ థింగ్'ని ఉత్తమ చిత్రం జాబితాలోకే రానివ్వలేదు. 2019లో స్పైక్ లీ 'బ్లాక్‌క్లాన్స్‌మన్' జాబితాలో ఉంది, గెలిచింది గ్రీన్ బుక్. పేరు ప్రకటించగానే ఆయన హాల్లోంచి లేచి బయటికి నడవబోయాడు. తర్వాత విలేకరులతో, ఎవరో ఒకరు ఎవరినో ఒకర్ని కార్లో తిప్పినప్పుడల్లా నేను ఓడిపోతున్నానని నవ్వుతూ అన్నాడు.

ఇంకో తమాషా. ఈ రెండు కారు సినిమాల దర్శకులకీ దర్శకత్వం విభాగంలో కనీసం నామినేషన్ లేదు. డ్రైవరే నడిపేశాడు.

స్వరపేటిక:

నేను విశాఖలో పిల్లలకి పియానో, కీబోర్డు నేర్పిస్తాను. రెండోఆట గారు సినిమా చరిత్ర పుస్తకం కాదన్నారు, ఒప్పుకుంటాను. కానీ సంగీతం విషయంలో చేసింది నాకు మింగుడుపడలేదండీ.

సినిమాలో షర్లీకి లిటిల్ రిచర్డ్ ఎవరో తెలీదు, అరీతా ఫ్రాంక్లిన్ ఎవరో తెలీదు. టోనీ రేడియో పెట్టి పరిచయం చేస్తాడు. తన వాళ్ల సంగీతం తనకే తెలియని పెద్దమనిషిగా చూపించారు. చివర్లో నల్లవాళ్ల బారులో షోపాన్ అనే పాత యూరప్ శాస్త్రీయ సంగీతకారుడి రచన వాయించి, ఆ వెంటనే అక్కడి బ్యాండుతో కలిసి బ్లూస్ అనే నల్లవాళ్ల బాణీ అందుకుంటాడు. హాల్లో అందరూ ఈలలు. ఆ షోపాన్ ఎట్యూడ్ వాయించాలంటే కుడిచెయ్యి విరిగిపోతుంది, ఆ సీను నాకూ ఇష్టమే. సినిమాకి సంగీతం చేసిన క్రిస్ బవర్సే ఆ పియానో భాగాలూ వాయించాడు. వేళ్లు ఆయనవే.

కానీ అసలు షర్లీ రికార్డులు ఉన్నాయి కదా, పెట్టి వినండి. ఆయనకి జనంలో బాగా పేరు తెచ్చిన పాట 'వాటర్ బాయ్'. 1961లో అమెరికాలో జనాదరణ పొందిన పాటల్ని వరసపెట్టే బిల్‌బోర్డ్ జాబితాలో నలభయ్యో స్థానం దాకా వెళ్లింది. ఏమిటా పాట? ఎండలో రాళ్లు కొట్టే నల్ల కూలీలు నీళ్లు తెచ్చే కుర్రాణ్ణి పిలిచే పాట. పియానో, చెల్లో, బాస్, ఈ మూడే వాద్యాలు. సినిమా కథ జరిగే 1962కి ఒక ఏడాది ముందే ఆయన తన వాళ్ల పనిపాటని కచేరీ వేదిక ఎక్కించాడు. నల్లవాళ్ల భక్తిపాటలైన స్పిరిచువల్స్‌ని, బ్లూస్‌ని శాస్త్రీయ సంగీతంతో ఎలా పేనాలో ఆయనకి ఇంకొకరు నేర్పాల్సిన పని లేదు. మన దగ్గర జానపద బాణీలు పోగేసి రాగాలు కట్టిన విద్వాంసుడి మీద సినిమా తీసి, ఆయనకి ఊడ్పుల పాట అంటే ఏమిటో కారు డ్రైవరు చెప్పినట్టు చూపిస్తే ఎలా ఉంటుంది?

సినిమాలో ఆయన రష్యాలో చదివినట్టు చెబుతారు. చదివింది వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీలో. ఫ్లోరిడాలో పుట్టిన జమైకా వాళ్ల పిల్లవాడు. ఇది చిన్న సంగతి, వదిలేస్తాను. మొదటిది మాత్రం వదల్లేను.

రెండోఆట:

స్వరపేటిక గారూ, 'వాటర్ బాయ్' సంగతి నాకు తెలీదు. ఇప్పుడే విన్నా. దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నా. అయినా సినిమాగా చూస్తే…

చింతచెట్టుకింద:

సినిమాగా చూస్తే మొదట్లో గ్లాసుల సీను ఉంది. ఇంతమంది రాశారు, దాని ఊసెత్తలేదు.

టోనీ ఇంట్లో మరమ్మతు పనికి ఇద్దరు నల్ల మనుషులు వస్తారు. టోనీ భార్య వాళ్లకి తాగడానికి గ్లాసుల్లో పోసిస్తుంది. వాళ్లు తాగి, గ్లాసులు పెట్టి, థాంక్స్ చెప్పి వెళ్తారు. టోనీ ఆ రెండు గ్లాసుల్ని వేలి చివర్లతో పట్టుకుని చెత్తబుట్టలో వేస్తాడు. తర్వాత భార్య చూసి బయటికి తీస్తుంది. మాదీ ప్రకాశం జిల్లా పల్లె. మా తాత టీ హోటల్ బయట చెక్కకి కొట్టిన మేకుకి తగిలించిన గ్లాసులో తాగినవాడు. తాగి, తనే కడిగి, తిరిగి తగిలించాలి. కాబట్టి ఆ సీను నాకు ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేదు. హాల్లో నా పక్కవాళ్లు "ఛ" అన్నారు. వాళ్ల ఊళ్లో ఆ మేకు ఏ వైపుంటుందో వాళ్లని అడగాలనిపించింది.

సినిమా ఆ గ్లాసుల్ని ఎవరి కళ్లతో చూసిందో గమనించారా? పారేసినవాడి కళ్లతో, తీసిన భార్య కళ్లతో. తాగినవాళ్లు అప్పటికే గుమ్మం దాటేశారు. వాళ్ల పేర్లు మనకి తెలీవు. మిగతా రెండు గంటలూ అంతే. ఈ మనిషి గ్లాసు పారేసే స్థితి నుంచి కావలించుకునే స్థితికి ఎలా వచ్చాడన్నదే కథ. మంచి కథే. కాదనను. కానీ అది టోనీ కథ. రాసిన ముగ్గురిలో ఒకరు టోనీ కొడుకే, నిక్ వలెలోంగా. షర్లీ వైపు నుంచి రాసినవాళ్లు ఎవరూ లేరు. టోనీ పాత్ర చేసినాయనకి ఉత్తమ నటుడు నామినేషన్, షర్లీ పాత్ర చేసినాయనకి ఉత్తమ సహాయ నటుడు. కచేరీ షర్లీది, ప్రయాణం షర్లీది, జీతమిచ్చేది షర్లీ. ఆయనెవరికి సహాయం?

షర్లీ కుటుంబం సంగతి. ఆయన తమ్ముడు మారిస్ షర్లీ, సినిమా అబద్ధాల పుట్ట అన్నాడు. తన అన్న కుటుంబంతో తెగతెంపులు చేసుకున్న ఒంటరి కాదని, టోనీ స్నేహితుడు కాదు జీతానికి పెట్టుకున్న డ్రైవరని, అదీ యూనిఫారమూ టోపీ పెట్టుకోమంటే చిరాకుపడే డ్రైవరని చెప్పాడు. అలీ వాళ్లకి ఫోన్ చేసి, దగ్గరి బంధువులు ఉన్నారని నాకు తెలీదు, తెలిస్తే మిమ్మల్ని కలిసేవాణ్ణి అని క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇదే సంగతిలో నా వాదనకి అడ్డొచ్చేది కూడా ఒకటుంది, దాచను. న్యూయార్కులోని కచేరీ హాలు కార్నెగీ హాల్ పైన ఉండే కళాకారుల మీద డాక్యుమెంటరీ తీసిన జోసెఫ్ ఆస్టర్ దగ్గర షర్లీ సొంత గొంతుతో రికార్డులున్నాయి. వాటిలో షర్లీ, టోనీని పూర్తిగా నమ్మానని, అది యజమాని-జీతగాడి సంబంధం మాత్రమే కాదని అంటాడు. అంటే తమ్ముడు చెప్పినదానికీ ఆయన చెప్పినదానికీ పొంతన లేదు. నిక్ చెప్పేదేమిటంటే, షర్లీ తను పోయాకే సినిమా తియ్యమన్నాడని, వేరే ఎవరితోనూ మాట్లాడొద్దన్నాడని. టోనీ, షర్లీ ఇద్దరూ 2013లోనే, మూడు నెలల తేడాతో పోయారు. అయిదేళ్లకి సినిమా వచ్చింది.

నాకు సినిమా నచ్చింది, నవ్వాను కూడా. బహుమతి నచ్చలేదు. రెండూ ఒకే మనిషికి జరగొచ్చు.

రెండోఆట:

అన్నా, మీరు చెప్పిన సహాయ నటుడి పాయింటుకి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఒకటడుగుతా. గ్లాసు పారేసే ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇలాంటి సినిమాయే చూపించాలి కదా? తిట్టే సినిమా అయితే వాళ్లు టీవీ కట్టేస్తారు. ఇది చూసి ఏడుస్తారు.

చింతచెట్టుకింద:

ఏడ్చాక ఏం చేస్తారో చెప్పు తమ్ముడూ, అప్పుడు మాట్లాడదాం.

పల్నాటిపిల్లోడు:

చింతచెట్టుకింద గారూ, మీ రాత పొద్దున చదివాను. ఆఫీసుకి పోయి రోజంతా ఏ పనీ సరిగ్గా చెయ్యలేదు.

మొదటి పోస్టులో ఒక సంగతి కావాలనే రాయలేదు. ఆ గ్లాసుల సీను వచ్చినప్పుడు నాన్న రిమోట్ అడిగి ఆపించారు. మంచినీళ్లకని లేచి వెళ్లి, వంటింట్లో చాలాసేపు ఉన్నారు. నేను ఆయన మోకాళ్ల నొప్పి అనుకున్నా. అనుకున్నానని రాయడం కూడా అబద్ధమే, ఎందుకంటే మా ఊళ్లో మా నాయనమ్మ వసారా చూరులో దోపి ఉంచిన సత్తు గ్లాసు నాకూ తెలుసు. చిన్నప్పుడు ఆడుకుంటూ దాన్ని తీసుకుంటే చేతి మీద కొట్టింది.

ఈ సాయంత్రం మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆయన మాటల్లోనే రాస్తున్నా.

"మాచర్ల నుంచి హైదరాబాదు నైట్ సర్వీసు. నాకూ మా కండక్టరుకీ పదకొండేళ్లు ఒకే డ్యూటీ. ఆయన ఒక కూర తెచ్చేవాడు, నేనొకటి తెచ్చేవాణ్ణి, డిపోలో ఇద్దరం ఒకే కారియరు విప్పుకుని తినేవాళ్లం. నిద్రొస్తందని అనుమానం వస్తే నా పక్కన బోనెట్టు మీద కూర్చుని తెల్లార్లూ కబుర్లు చెప్పేవాడు. ఒకసారి మన ఊరి అడ్డరోడ్డులో బస్సు చెడిపోయింది. మెకానిక్కు వచ్చేదాకా ఎండలో ఎందుకని ఇంటికి తీసుకొచ్చా. మీ నాయనమ్మ ఏ ఊరు నాయనా, ఎవరాళ్లబ్బాయివి అనడిగింది. చెప్పాడు. చూర్లో గ్లాసు తీసి మంచినీళ్లిచ్చింది. తాగాడు. తాగి, బోరింగు కాడికి పోయి కడిగి, తెచ్చి మళ్లీ చూర్లోనే పెట్టాడు. ఎక్కడ పెట్టాలో ఎవురూ చెప్పలా."

నేనడిగాను, నువ్వేమన్నావు అని.

"ఏమంటా. నా గ్లాసులో నేను తాగా."

మర్నాటి నుంచి కూడా ఇద్దరూ అదే బస్సు ఎక్కారు, అదే కారియరు. ఆ మాట ఎప్పుడూ రాలేదట. మా అమ్మాయి ఇదంతా మెట్ల మీద కూర్చుని విన్నది, నేను చూసుకోలేదు. తెలుగు దానికి అర్థమవుతుంది. "తాతయ్యా, ఆయన నీ ఫ్రెండేనా?" అంది. నాన్న చాలాసేపు ఆలోచించి, "నేను అనుకున్నా అమ్మా. అవునో కాదో నన్నడిగితే ఎట్టా, ఆయన్ని గదా అడగాల" అన్నారు.

సినిమా మీద నా ప్రశ్న ఇప్పుడు కొంచెం మారింది. రెండోఆట తమ్ముడు చెప్పినట్టు ఇలాంటి సినిమా వల్లే ఇంత మాట బయటికొచ్చింది, నిజమే. కానీ నాకు అంత హాయిగా ఎందుకు నచ్చిందో కూడా తెలిసొచ్చింది. మా ఇంటి వైపు నుంచి తీసిన సినిమా అది.

అట్లాంటా అత్తయ్య:

బాబూ, మీ నాన్నగారి మొదటి ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. ఆ పుస్తకం ఏది అని. నేను ఇక్కడ లైబ్రరీలో ఇరవై ఏళ్లు పనిచేశాను, చెబుతాను.

దాని అసలు పేరు 'ద నీగ్రో మోటరిస్ట్ గ్రీన్ బుక్'. ఆకుపచ్చ అట్ట వల్ల వచ్చిన పేరు కాదు, తెచ్చినాయన పేరు విక్టర్ హ్యూగో గ్రీన్. న్యూయార్కులో హార్లెం మనిషి, తపాలా శాఖలో ఉద్యోగి. 1936లో మొదటి పుస్తకం వచ్చింది, అప్పట్లో న్యూయార్కు చుట్టుపక్కలకే. ఊరి పేరు, దాని కింద నల్లవాళ్లని రానిచ్చే హోటళ్లు, భోజనశాలలు, మంగలి దుకాణాలు, పెట్రోలు బంకులు. హోటలు లేని ఊళ్లో ఫలానా వారి ఇల్లు అని ఉండేది. ఆ ఇళ్లు చాలావరకు ఆడవాళ్లు నడిపినవి, పుస్తకం నిండా వాళ్ల పేర్లే. కొత్త సమాచారం ప్రయాణం చేసినవాళ్లే ఉత్తరాలు రాసి పంపేవారు. ఎస్సో పెట్రోలు బంకుల్లో అమ్మేవారు. గ్రీన్ 1960లో పోయాక భార్య ఆల్మా నడిపింది. 1964లో హోటళ్లలో, భోజనశాలల్లో రంగు చూసి రానివ్వకపోవడం కుదరదన్న పౌరహక్కుల చట్టం వచ్చింది, 1966-67 సంచికతో పుస్తకం ఆగిపోయింది. న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీ వాళ్లు పాత సంచికలు చాలా ఇంటర్నెట్లో పెట్టారు, మీ అమ్మాయిని చూపించమను. రాలీ పేజీ తీసి మీ ఇంటి దగ్గర వీధులేమైనా ఉన్నాయేమో చూడండి.

ఇప్పుడు సినిమా మీద నా ఫిర్యాదు. ఆ పుస్తకం నల్లవాళ్లు నల్లవాళ్ల కోసం రాసుకున్నది. టోనీలాంటి మనిషి తోడు లేకుండా పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని లక్షలమంది చేసిన ప్రయాణాలు అందులో ఉన్నాయి. సినిమాలో ఆ పుస్తకం ఉండేది డ్రైవరు చేతిలో. రెండోది, సినిమా చూస్తే పైన అంతా బాగుంది, కెంటకీ దాటాకే కష్టాలు అన్నట్టుంటుంది. పొద్దుగూకితే నల్లవాళ్లు ఉండకూడదన్న ఊళ్లు ఇండియానాలో, ఇల్లినాయిలో బోలెడు ఉండేవి. మొదటి గ్రీన్ బుక్ న్యూయార్కు వాళ్ల కోసమే వేశారంటే అర్థం చేసుకోండి. అవార్డుకి ఓట్లేసినవాళ్లలో ఎక్కువమంది ఉండేది దక్షిణాదిలో కాదుగా. తప్పంతా పక్క ఊళ్లో జరిగిన సినిమాకి చప్పట్లు కొట్టడం సులువు.

మీకు దగ్గర్లోనే గ్రీన్స్‌బరో ఉంది. నాన్నగారిని తీసుకెళ్లు. ఎందుకో నీకు తెలిసే ఉంటుంది.

మూడోగేరు:

అత్తయ్యగారూ, 'తప్పంతా పక్క ఊళ్లో' అన్న ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించుకుంటా.

పల్నాటిపిల్లోడు:

అందరికీ థాంక్స్. చివరి సంగతి చెప్పి ఆపుతా.

రాలీ పేజీ తీశాం. మా అమ్మాయి ఒక్కో చిరునామా ఫోన్లో మ్యాపు పెట్టి వెతికింది, నాన్న కళ్లజోడు పెట్టుకుని దాని పక్కనే కూర్చున్నారు. నిన్న ఆదివారం ముగ్గురం గ్రీన్స్‌బరో వెళ్లాం, గంటంబావు దారి. పదిహేనేళ్లుగా ఇక్కడున్నా, ఒక్కసారీ వెళ్లలేదు. ఆ ఊరు దాటి షార్లట్ గుడికి మాత్రం చాలాసార్లు వెళ్లాం.

అది పాత వూల్‌వర్త్ దుకాణం, ఇప్పుడు మ్యూజియం. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి కాలేజీ కుర్రాళ్లు అక్కడ భోజనం బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. కూర్చునే ఉన్నారు. మర్నాడు ఇంకొంతమంది, ఆ మర్నాడు ఇంకా ఎక్కువమంది. ఆ బల్ల, స్టూళ్లు అక్కడే ఉన్నాయి. ముందుగా వాళ్లు అదే దుకాణంలో పళ్లపేస్టు, అవీ ఇవీ కొని రసీదులు జేబులో పెట్టుకున్నారట. ఈ మాట చెప్పగానే నాన్న "టికెట్ తీసుకున్నాకే ఎక్కారన్నమాట" అన్నారు. సినిమాలో బట్టల కొట్టువాడు కోటు అమ్ముతానంటాడు, వేసుకుని చూడనివ్వనంటాడు చూడండి, అదే.

ఆ రెండు నెలలకే మా రాలీలోనే షా యూనివర్సిటీలో విద్యార్థులంతా కూడి పెద్ద సంఘం పెట్టారు. షర్లీ బండి రాలీలో ఆగింది 1962లో. ఆ కాలేజీ ఉన్నదీ ఆ ఊళ్లోనే. సినిమాలో ఆ పిల్లల జాడ లేదు. ఊళ్లో చీకటి, ఆ ఇద్దరూ, ఒక కారు. మా అమ్మాయి గొడవ ఇదే, నాకు ఇప్పటికి అర్థమైంది.

కాఫీ ఎప్పుడిచ్చారని నాన్న అడిగారు. జులై 25న అని చెప్పాను. "ఒక్క కాఫీకి ఆర్నెల్లా" అన్నారు. మొదట ఎవరికి ఇచ్చారని అడిగారు. అదే దుకాణంలో పనిచేసే నల్లజాతి ఆడవాళ్లకట. అన్నాళ్లూ ఆ వంట చేసి, ఆ కప్పులు కడిగి, ఆ బల్ల మీద మాత్రం తినే వీల్లేనివాళ్లు. నాన్న ఆ స్టూళ్ల ముందు చాలాసేపు నిలబడ్డారు.

బహుమతి సంగతి: అలీకి సరిగ్గానే ఇచ్చారు, విభాగం తప్పు. రచనకి కూడా ఆస్కార్ ఇచ్చారు, అది నేనైతే వెనక్కి తీసుకుంటా, స్వరపేటిక గారి 'వాటర్ బాయ్' విన్నాక మరీను. ఉత్తమ చిత్రం గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఇద్దరు ఒకటి, ఒకరు ఒకటి. అయితే ఆ ఇద్దరు ఎవరన్నది మారింది. నేనూ మా అమ్మాయీ ఒకవైపు, నాన్న ఒక్కరే సినిమా పక్షం. "ఆ మంచులో బండి నడిపింది మాత్రం బాగుందిరా" అంటారు.

తిరుగుదారిలో నాన్న కండక్టరుగారి నంబరు దొరుకుతుందేమో చూడమన్నారు. మాచర్లలో తెలిసినవాళ్లని పట్టుకుని రాత్రే సంపాదించా. కాగితం మీద పెద్ద అంకెలతో రాసిచ్చా. ఇంకా చెయ్యలేదు. ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి, టైము లెక్క కుదరట్లేదంటున్నారు. ఆ లెక్క ఆయనకి బాగా తెలుసు, రోజూ పొద్దున్నే మా అక్కకి చేస్తారు.